కారణం, సాకు, బాధ్యత

పదహారు పదిహేడేళ్ళ కుర్రవాడు కత్తిపోటు కేసులో పట్టుబడినాడన్న వార్త కర్నూల్లోనో, ఆదోనిలోనో, ప్రొద్దుటూరులోనో పుట్టినప్పుడు దాని వెంట మూడు వ్యాఖ్యానాలు పుడతాయి. మొదటిది “వాళ్ళ రక్తమే అంత” అనేది. రెండవది “తల్లిదండ్రుల పెంపకం అట్లా ఏడ్చింది” అనేది. మూడవది మనది, అంటే అభ్యుదయ రచయితలమని చెప్పుకునే వాళ్ళది: “అసలు దోషి సమాజం.” ఈ మూడింటికీ మధ్య ఆకాశానికీ భూమికీ వున్నంత దూరం వున్నట్టు కనిపిస్తుంది. కాని ఒక విషయంలో మూడూ ఒకటే. ఆ కుర్రవాడి గురించి ఇంకేమీ తెలుసుకోనవసరం లేకుండా మూడూ చేస్తాయి. రక్తం అన్నవాడు విచారణను మొదట్లోనే ఆపుతాడు. పెంపకం అన్నవాడు వాడి ఇంటి గడప దాకా వచ్చి ఆపుతాడు. సమాజం అన్నవాడు ఆగడానికి చోటే లేనంత పెద్దమాట వాడి, అందుచేత ఎక్కడికీ పోకుండానే ఆగిపోతాడు.

నేను చర్చించదలచిన ప్రశ్న పాతదే. బాల్యంలో దెబ్బతిన్నవాడు యౌవనంలో నేరం చేస్తే ఆ దెబ్బ నేరానికి కారణమా, సాకా? కారణమే అయితే వాడి బాధ్యత తగ్గుతుందా? తగ్గితే, కత్తికి బలి అయిన కుటుంబానికి మనం ఏం చెప్పాలి? తత్వవేత్తలు ఈ ప్రశ్నను చాలాకాలం గాలిలోనే చర్చించారు. గత ముప్ఫై నలభై ఏళ్ళలో దీనికి కొంత నేల దొరికింది. ఆ నేల ఎంత గట్టిదో ముందు చూడాలి.

1998లో అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే వైద్యులు తమ సహచరులతో కలిసి ఒక అధ్యయనాన్ని ప్రకటించారు. శాన్ డియేగో నగరంలో కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్యసంస్థకు వైద్యపరీక్షలకు వచ్చిన పెద్దలను మీ బాల్యం ఎట్లా గడిచిందని అడిగారు. ఆ తొలి పత్రంలో లెక్కకు వచ్చిన వాళ్ళు 9,508 మంది. కొట్టేవాళ్ళా, తిట్టి కించపరిచేవాళ్ళా, లైంగికంగా హింసించారా, తల్లిని కొట్టడం చూశారా, ఇంట్లో తాగుబోతు గాని మత్తుకు బానిసైనవాడు గాని వుండేవాడా, మనోవ్యాధితో బాధపడినవాళ్ళు గాని ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళు గాని వుండేవాళ్ళా, ఎవరైనా జైలుకు పోయారా అన్నవి ఆ ఏడు రకాల ప్రశ్నలు. ఏ ఒక్కటీ లేనివాళ్ళతో పోల్చితే నాలుగు గాని అంతకు మించి గాని వున్నవాళ్ళలో తాగుడు, మత్తుమందులు, మనోవ్యాకులత, ఆత్మహత్యాప్రయత్నం వీటి ప్రమాదం 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా కనిపించింది. గాయాలు ఒకదాని పక్కన ఒకటి వూరికే పడి వుండవు, ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి అన్నది ఆ అధ్యయనం తేల్చిన విషయం.

అంతకు తొమ్మిదేళ్ళ ముందే, 1989లో, కేథీ విడమ్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞురాలు నేరం వైపు నుంచి ఇదే దారిలో నడిచింది. హింసకో నిర్లక్ష్యానికో గురైనట్టు 1967, 1971 మధ్య కోర్టు రికార్డులకెక్కిన 908 మంది పిల్లలను తీసుకున్నది. వాళ్ళ వయసు, లింగం, జాతి, ఆర్థికస్థాయి వీటికి సరిపోలే 667 మంది ఇతర పిల్లలను పక్కన పెట్టుకున్నది. పెరిగి పెద్దయిన తరువాత ఇరుపక్షాల పోలీసు రికార్డులనూ తీసి చూసింది. మైనర్లుగా వుండగానే అరెస్టయినవాళ్ళు మొదటి పక్షంలో 26 శాతం, రెండవ పక్షంలో 17 శాతం.

ఈ రెండంకెలనూ నెమ్మదిగా చదవాలి. 17కూ 26కూ మధ్య తేడా కొట్టిపారేయదగింది కాదు. బాల్యంలో పడిన దెబ్బ నేరానికి దారితీయగలదన్నది కేవలం కరుణామయుల కల్పన కాదని ఆ తేడా రుజువు చేస్తుంది. అయితే అదే పట్టికలో ఇంకొక వాస్తవం కూర్చుని వుంది. దెబ్బతిన్న పిల్లల్లో నలుగురిలో ముగ్గురు అరెస్టు కాలేదు. మొదటి వాస్తవాన్ని మాత్రమే చదివినవాడు కుర్రవాణ్ణి గాలికి కొట్టుకుపోయే ఎండుటాకు చేస్తాడు. రెండవదాన్ని మాత్రమే చదివినవాడు “మిగతా ముగ్గురూ బాగుపడలేదా, వీడికేం రోగం?” అంటాడు. ఈ రెండో మాట మన ఉపాధ్యాయుల విశ్రాంతిగదుల్లో తరచు వినబడేదే. దాని సంగతి తరువాత చూస్తాను.

అంతకన్నా ముందు ఒక ప్రమాదం గురించి హెచ్చరించవలసి వుంది. బాల్యగాయాల లెక్కను ఒక అంకెగా కుదించి, ఆ అంకెను పిల్లవాడి నుదుటికి అంటించడం ఇప్పుడు చాలా దేశాల్లో వాడుకలోకి వచ్చింది. అయిదు మార్కులు వచ్చినవాడు తాగుబోతవుతాడు, ఆరు వచ్చినవాడు జైలుకు పోతాడు! పాత జాతకచక్రంలో గ్రహాలుండేవి, కొత్త జాతకచక్రంలో తల్లిదండ్రులుంటారు. ఆ అధ్యయనకర్తల్లో ఒకడైన ఆండాయే 2020లో తన సహచరులతో కలిసి, ఈ లెక్క జనసమూహాల స్థితిని తెలుసుకోవడానికి పనికివస్తుంది గాని ఒక్కొక్క మనిషి భవిష్యత్తును చెప్పడానికి పనికిరాదని రాయవలసి వచ్చింది. తన పనిముట్టును తప్పుగా వాడుతున్నారని శాస్త్రజ్ఞుడే మొత్తుకోవలసి వచ్చిందంటే, విధి అనే భావానికి ఎంత ఆయుర్దాయం వుందో అర్థమవుతుంది. గుడిలోంచి వెళ్ళగొడితే అది ఆసుపత్రిలో దూరుతుంది.

మన తెలుగుదేశానికి ఈ విషయంలో పుస్తకాలకన్నా చేదైన అనుభవం వుంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్థులని ప్రకటించే చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగి బతికిన ఎరుకలవాళ్ళకు రైళ్ళు వచ్చి, ఉప్పు మీద సర్కారు గుత్తాధికారం వచ్చి బతుకుదెరువు పోయింది. బతుకుదెరువు పోయినవాళ్ళను దొంగలన్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో 1913లో సాల్వేషన్ ఆర్మీ వాళ్ళ ఆధ్వర్యంలో సెటిల్‌మెంటు పెట్టారు. నెల్లూరు జిల్లా కావలిలో ఇంకొకటి, మన కర్నూలు జిల్లాలో సిద్ధాపురం దగ్గర మరొకటి వెలిశాయి. పెద్దలు హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా పొలిమేర దాటకూడదు. ఇవన్నీ చాలామందికి తెలిసినవే. అంతగా తెలియనిది ఆ చట్టంలో పిల్లల గురించిన నిబంధన. ఆరేళ్ళు దాటి పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి పారిశ్రామిక పాఠశాలల్లోనో, సంస్కరణ పాఠశాలల్లోనో పెట్టే అధికారం ప్రభుత్వానికి వుండేది. ఏ నేరమూ చేయని పిల్లవాణ్ణి, నేరం చేస్తాడేమోనని, తల్లి చేతుల్లోంచి తీసుకుపోయారు.

ఫెలిట్టి ప్రశ్నావళి చేతపట్టుకుని 1920లో సెటిల్‌మెంటుకు పోయినవాడికి అక్కడ ఏం దొరుకుతుందో ఊహించండి. తండ్రి జైల్లో వుంటాడు. తల్లి దూరమై వుంటుంది. ఇంట్లో భయం, ఊరి నిండా అవమానం. ఈ గాయాలను చేసింది రక్తం కాదు, చట్టం. ఆ పిల్లల్లో కొందరు పెద్దయి దొంగతనాలు చేస్తే, “చూశారా, పుట్టుక!” అన్నారు. గాయం చేసినవాడే గాయాన్ని సాక్ష్యంగా తెచ్చి కోర్టులో నిలబెట్టాడు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. విముక్తజాతులన్న పేరు వచ్చింది. ఎక్కడైనా దొంగతనం జరిగితే పోలీసు జీపు ముందు ఏ గుడిసెల వైపు తిరుగుతుందన్న విషయంలో మాత్రం ఆ తేదీని ఎంతమంది గుర్తుపెట్టుకున్నారో చెప్పడం కష్టం. రక్తం వాదం ఓడిపోయిందనుకునేవాళ్ళ కోసం ఇంత చెప్పాను.

ఇక సీమలో ముఠాకక్షల సంగతి. ఇక్కడ కూడా రక్తం వాదమే రాజ్యమేలింది, కాకపోతే రాజవస్త్రాలు కట్టుకుని. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంఫిణీకి దత్తం చేసినప్పుడు ఇక్కడ పాలెగాళ్ళున్నారు. థామస్ మన్రో 1807 దాకా కలెక్టరుగా వుండి వాళ్ళను అణచివేశాడు. ఆ పాలెగాళ్ళ నెత్తురే ఇప్పటికీ ఉడుకుతున్నదని చెప్పడం మనవాళ్ళకు ఇష్టం. ఇది చరిత్ర కాదు, మీసం మెలేయడం. బాలగోపాల్ మొదలైన వాళ్ళు ఏనాడో చెప్పినట్టు, ముఠాకక్ష ఆధిపత్యం చెలాయించే ఒక పద్ధతి. ఊరి పెత్తనం, పంచాయతీ, సారాపాటలు, కాంట్రాక్టులు దాని ఆహారం. నాయకుడు మేడమీద వుంటే, కొడవలి పట్టి అరుగు మీద పడుకున్నవాడు పేద రైతో కూలీయో అయి వుంటాడు. చచ్చేదీ జైలుకు పోయేదీ ఎక్కువగా వాడే. ఇప్పుడు కక్షలు 1980లలో, 90లలో వున్నంత ఉధృతంగా లేవు. అయినా ఆ కాలంలో పిల్లలైనవాళ్ళు ఇప్పుడు తండ్రులు.

కక్షలున్న ఊళ్ళో పిల్లవాడి బాల్యం ఎట్లా వుంటుంది? హత్య జరిగిన మరునాడు మగవాళ్ళు ఊరు విడిచిపోతారు. బడి మూతపడుతుంది. ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళూ మిగులుతారు. పోలీసు పికెట్ వస్తుంది. పొద్దుగూకితే తలుపు గడియపడుతుంది. గడ్డివాములో దాచిన నాటుబాంబు బంతి అనుకుని పిల్లలు చేతులు పోగొట్టుకున్న వార్తలు పత్రికల్లో చదివినవే. తండ్రి నెత్తురంటిన బట్టలు తల్లి దాచిపెట్టి కొడుకు పెద్దవాడయ్యాక చూపించిందన్న కథ సీమలో చాలా ఊళ్ళ పేర్లతో చెబుతారు. ఎన్ని ఊళ్ళలో అది నిజంగా జరిగిందన్నది నాకు ముఖ్యం కాదు. దాన్ని చెప్పేటప్పుడు చెప్పేవాడి గొంతులో ధ్వనించే గౌరవం ముఖ్యం. ఈ గాయం ఇక్కడ దాచుకోవలసింది కాదు, వారసత్వంగా అందించవలసింది!

సినిమా దీన్ని పూర్తి చేసింది. 1999లో సమరసింహారెడ్డి విజయం తరువాత కొన్నేళ్ళపాటు తెలుగుతెర మీద సుమోలు పేలడం మనకు జ్ఞాపకమే. 2002లో వచ్చిన ‘ఆది’లో కథ మరీ స్పష్టం: తల్లిదండ్రుల హత్య చూసిన పసివాడు పెరిగి పెద్దవాడై పగ తీర్చుకుంటాడు. పరిశోధకుడు ఏ దృశ్యాన్ని పిల్లవాడి జీవితంలో అతి పెద్ద ఆపదగా లెక్కపెడతాడో, సినిమా సరిగ్గా అదే దృశ్యాన్ని కథానాయకుడి యోగ్యతాపత్రంగా చూపిస్తుంది. ఆ గాయం లేకపోతే వాడు వట్టి మనిషి, వుంటే వీరుడు. విమర్శకులు ఈ సినిమాలలో రక్తపాతం ఎక్కువని విసుక్కున్నారు. నాకు రక్తంకన్నా ఆ మొదటి పది నిమిషాల బాల్యమే ఎక్కువ అపాయకరంగా తోస్తుంది.

మన ఆదికావ్యం మనకు వేరే దారి చూపించింది. పరీక్షిత్తు పాముకాటుతో చనిపోయినప్పుడు జనమేజయుడు పసివాడు. పెద్దవాడయ్యాక ఉదంకుడు వచ్చి తండ్రి చావును గుర్తుచేసి సర్పయాగానికి పురికొల్పుతాడు. ఉదంకుడికి తక్షకుడి మీద సొంతపగ వుంది, కుండలాలు ఎత్తుకుపోయాడని. అనాథ బాలుడి దుఃఖాన్ని తన లెక్క తీర్చుకోవడానికి వాడుకున్న పెద్దమనిషి అతను. ఇటువంటి ఉదంకులు సీమలో ప్రతి ముఠాలోనూ దొరుకుతారు. ఆ యాగాన్ని ఆపినవాడెవరు? ఆస్తీకుడు. అతడూ తండ్రి తోడు లేకుండా పెరిగినవాడే, జరత్కారుడు భార్యను విడిచి వెళ్ళిపోయాడు. మంటల్లో పడుతున్నది తల్లివైపు చుట్టాలే. అయినా వరమడిగే అవకాశం వచ్చినప్పుడు ఇంకొకరి చావును అడగలేదు, యాగం ఆపమన్నాడు. ఇద్దరూ తండ్రి లేక పెరిగినవాళ్ళే. ఒకరి చెవిలో ఉదంకుడు మాట్లాడాడు, ఇంకొకరిని తల్లీ మేనమామా పెంచారు.

ఇంతవరకు చెప్పింది కొట్టే చేతుల గురించి, కొడవళ్ళ గురించి. కాని కర్నూలు జిల్లా పడమటి వైపుకు, కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు వైపుకు పోతే వేరే రకం గాయం కనిపిస్తుంది. అక్కడ ఎవరూ ఎవర్నీ కొట్టనక్కరలేదు. వాన రాదు. ఖరీఫ్ అయిపోగానే ‘సుగ్గి’కి బయలుదేరతారు. గుంటూరు వైపు మిరపకాయల కోతకు కొందరు, బెంగుళూరు, హైదరాబాదు కట్టడాల పనులకు కొందరు. బిడ్డలను వెంట తీసుకుపోతే బడి పోతుంది, వదిలిపోతే తల్లి పోతుంది. ఊళ్ళో అవ్వ దగ్గర వదిలేస్తారు. అవ్వకు చూపు ఆనదు. పన్నెండేళ్ళవాడు నాలుగు నెలలపాటు తన యిష్టం వచ్చినట్టు తిరుగుతాడు. వలసపోయినవాళ్ళ పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళు నడపడం మొదలుపెట్టింది, మంచిపనే. అయితే పిల్లవాడికి నాలుగు నెలల అన్నం దొరకడమూ, సాయంత్రం తన కోసం ఎదురుచూసే మనిషి దొరకడమూ ఒకటి కాదు.

ఇప్పుడు శాన్ డియేగో ప్రశ్నావళిని కోసిగికి తెచ్చి చూడండి. అక్కడ జవాబులిచ్చినవాళ్ళు ఎక్కువమంది తెల్లవాళ్ళు, కాలేజీ చదువు చదివినవాళ్ళు, ఆరోగ్యబీమా వున్నవాళ్ళు. ఆ ప్రశ్నల్లో కరువు లేదు. వలస లేదు. ‘మీ కులం పేరుపెట్టి మీ నాయనను ఎవరైనా నడివీధిలో తిట్టడం చూశారా?’ అన్న ప్రశ్న లేదు. తరువాత చేర్చిన ప్రశ్నల్లో నిర్లక్ష్యం వుంది. ఆ ప్రశ్నకు కోసిగి పిల్లవాడు ‘అవును, మా అమ్మ దగ్గర లేదు’ అని జవాబిస్తాడు. లెక్కలో ఒక మార్కు పడుతుంది. ఎవరి పేరున? మిరపతోటలో వంగి కళ్ళు మండుతూ కాయలు కోస్తున్న తల్లి పేరున. కొలిచే బద్ద ఇంటి నాలుగు గోడల మధ్యే తయారైనప్పుడు, గోడల అవతలి నుంచి వచ్చిన దెబ్బ కూడా గోడల లోపలి నేరంగానే నమోదవుతుంది. ప్రపంచ ఆరోగ్యసంస్థ తరువాత తయారుచేసిన ప్రశ్నావళిలో ఊళ్ళోని హింస, సామూహిక హింస, తోటిపిల్లల వేధింపు చేర్చారు. అది ముందడుగే. అయినా అప్పు, కరువు, కులం అందులో వాటి సొంత పేర్లతో కనబడవు.

నేను పెంపకం వాదాన్ని ఎందుకు ఒప్పుకోనో ఇందువల్లే. పెంచడానికి ఇంట్లో వుండాలి గదా!

మత్తు సంగతి ఈ సందర్భంలోనే అర్థమవుతుంది. 2019లో కేంద్రప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు చేసిన దేశవ్యాప్త సర్వేలో ఒక విచిత్రమైన విషయం బయటపడింది. సారాయి, గంజాయి, నల్లమందు వంటివన్నీ పెద్దలు పిల్లలకన్నా ఎక్కువగా వాడుతున్నారు. ఒక్క పీల్చే మత్తులో మాత్రం పిల్లలు పెద్దలను మించారు. పది నుంచి పదిహేడేళ్ళ పిల్లల్లో 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం. పీల్చే మత్తంటే వైట్‌నరు, పంక్చర్లు వేసే జిగురు, థిన్నరు. పుస్తకాల కొట్లోనూ, సైకిలు షాపులోనూ దొరికే సరుకు. పదిరూపాయలకు ఆకలి తెలియదు, చలి తెలియదు, రైల్వే ప్లాట్‌ఫారం గట్టిదనం తెలియదు. దీన్ని వ్యసనం అనడానికి ముందు వాడు తనకు తాను చేసుకున్న నాటువైద్యమని గుర్తించాలి. మందు చెడ్డది, రోగం నిజమైనది. గుంటూరులోనో గుంతకల్లులోనో వాడికి ఆ నాటువైద్యం నేర్పినవాడు వాడికన్నా రెండేళ్ళు పెద్దవాడై వుంటాడు, అంతే.

ఇక తండ్రి తాగుడు. ఫెలిట్టి ఏడు ప్రశ్నల్లో అదొకటి. మన దేశంలో ఆ ప్రశ్నకు రాష్ట్రప్రభుత్వం కూడా జవాబు చెప్పవలసి వుంటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించినప్పుడు ఆ నిప్పు కర్నూలు, కడప, చిత్తూరు జిల్లాలకు కూడా పాకింది. 1993లో సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో పోయింది, ఖజానాకు డబ్బు కావాలన్నారు. 2019 అక్టోబరులో ప్రభుత్వమే దుకాణాలు తెరిచి తానే అమ్మింది. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటువాళ్ళకిచ్చింది. అమ్మే చెయ్యి మారింది గాని అమ్మకం ఆగలేదు. 2015 బాలల న్యాయచట్టం 77వ సెక్షను ప్రకారం పిల్లవాడికి మద్యం గాని మత్తుపదార్థం గాని పొగాకు గాని ఇచ్చినవాడికి ఏడేళ్ళ దాకా కఠినశిక్ష, లక్షరూపాయల దాకా జరిమానా. 78వ సెక్షను ప్రకారం పిల్లవాడి చేత మత్తు మోయించినా అమ్మించినా అదే శిక్ష. గుట్కా పొట్లం అందించే ప్రతి బంకువాడికీ ఈ సెక్షను వర్తింపజేస్తే మన జైళ్ళు చాలవు. పిల్లవాడి తండ్రికి తాగబోసి, తల్లిని తన్నించి, అన్నానికి డబ్బు లేకుండా చేసినవాడికి మాత్రం సెక్షను లేదు. అతనికి లైసెన్సు వుంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఇంత కారణపరంపర చెప్పాక ఆ పదిహేడేళ్ళవాడి బాధ్యత ఏమైంది? కరిగిపోయిందా?

కరిగిపోయిందని చెప్పడం మన అభ్యుదయ కథల్లో ఒక అలవాటుగా మారింది. ఆకలితో రొట్టె దొంగిలించినవాడి కథ రాసిన కలంతోనే స్నేహితుణ్ణి పొడిచినవాడి కథ కూడా రాస్తున్నాం. చివర కోర్టుబోనులో వాడి బదులు సమాజాన్ని నిలబెడుతున్నాం. పాఠకుడు కన్నీళ్ళు పెట్టుకుంటాడు, తన పేరు సమాజం కాదు గనక హాయిగా నిద్రపోతాడు. ఈ పద్ధతిలో రెండు అన్యాయాలున్నాయి. ఒకటి చచ్చినవాడికి. అతని తల్లి కూడా సుగ్గికి పోయినదే అయి వుండవచ్చు, అతని బాల్యమూ గాయపడిందే అయి వుండవచ్చు. హంతకుడి గాయం మాత్రమే మన కథకు పనికివచ్చిందా? రెండవ అన్యాయం ఆ హంతకుడికే. వాడు వేరే విధంగా ప్రవర్తించగలిగేవాడు కాదు అని తీర్మానించినప్పుడు, దయతోనే అయినా సరే, వాణ్ణి సెటిల్‌మెంటువాళ్ళు ఎక్కడ పెట్టారో అక్కడే పెడుతున్నాం. వాళ్ళు రక్తం అన్నారు, మనం పరిస్థితి అంటున్నాం. తేడా ఏమిటి? రెండుచోట్లా జవాబు చెప్పగల మనిషి మాయమైనాడు.

ఈ వాదాన్ని పరీక్షించడానికి సులభమైన ఉపాయం ఒకటి వుంది. దాన్ని బలవంతుడికి వర్తింపజేసి చూడండి. ముఠానాయకుడిదీ గాయపడిన బాల్యమే, అతని తండ్రినీ నరికారు. అతన్నీ క్షమిద్దామా? క్షమించమంటే మనం ఒప్పుకోం. ఒప్పుకోకపోవడమే న్యాయం. అయితే కారణం సాకుగా మారదన్న సూత్రాన్ని కూలివాడి కొడుకు దగ్గర కూడా ఒప్పుకోవాలి. లోకవ్యవహారంలో జరుగుతున్నది దీనికి తలకిందులు. పేదవాడి కొడుకు చేస్తే రక్తం, పెద్దవాడి కొడుకు చేస్తే చిన్నప్పటి బాధ.

అట్లాగని “మిగతా ముగ్గురూ బాగుపడలేదా?” అన్నవాడి పక్షాన నేను చేరడం లేదు. హవాయి ద్వీపాల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్, ఆమె సహచరులు దశాబ్దాలపాటు గమనించారు. వాళ్ళలో పేదరికం, ఇంటి కలహాలు, తల్లిదండ్రుల తాగుడు లేదా మనోవ్యాధి వంటివి పేరుకున్న పిల్లల్లో దాదాపు మూడోవంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్ళ విషయంలో పదేపదే కనిపించిన వాటిలో ఒకటి, తల్లిదండ్రులు కాకపోయినా ఎవరో ఒక పెద్దమనిషి ఆ పిల్లవాడికి నిలకడగా అండగా వుండడం. అవ్వో, పెద్దమ్మో, పంతులో. బాగుపడ్డవాడి గొప్పతనంలో ఆ అవ్వకు వాటా వుంది. చెడిపోయినవాడికి ఆ అవ్వ లేదు, లేదా ఆమెకు చూపు ఆనలేదు. అందుచేత మిగతా ముగ్గురినీ తెచ్చి వీడి మీద సాక్ష్యం చెప్పించడం అధర్మం.

మన పొరపాటు బాధ్యతను ఆస్తి మాదిరి ఊహించుకోవడంలో వుందని నాకు తోస్తుంది. పదెకరాల బాధ్యత వుంది, అందులో ఆరెకరాలు సమాజానికి పోతే కుర్రవాడికి మిగిలేది నాలుగు! సమాజానికి ఎక్కువ రాస్తే వాడికి తగ్గుతుంది, వాడికి ఎక్కువ రాస్తే మనకు తగ్గుతుంది. అభ్యుదయవాదీ ఛాందసుడూ ఇద్దరూ ఈ భాగపంపకాల తగువులోనే వున్నారు. బాధ్యత అట్లా పంచుకునే వస్తువు కాదు. కత్తి పట్టినందుకు వాడు పూర్తిగా జవాబు చెప్పాలి. చెప్పమని అడగడమంటే వాణ్ణి మనిషిగా లెక్కించడమే. వాడి తండ్రికి సారా అమ్మినందుకు ప్రభుత్వం పూర్తిగా జవాబు చెప్పాలి. వాడికి ఉదంకుడైనవాడు పూర్తిగా జవాబు చెప్పాలి. బడికి రాకపోతే హాజరుపట్టీలో పేరు కొట్టేసి ఊరుకున్న పంతులు కూడా చెప్పాలి. ఒకరు చెప్పినంత మాత్రాన ఇంకొకరి లెక్క తగ్గదు. ఇప్పుడు జరుగుతున్న అన్యాయమల్లా, ఇంతమందిలో బోనెక్కుతున్నది ఒక్కడే కావడం.

జవాబు చెప్పడం వేరు, శిక్ష వేరు. ఈ భేదం మన పూర్వులకు తెలుసు. ఆదిపర్వంలో అణిమాండవ్యుడి కథ వుంది. చేయని దొంగతనానికి కొరత వేయించుకున్న ముని యముడి దగ్గరికి పోయి, నేనేం పాపం చేశానని అడుగుతాడు. చిన్నతనంలో పురుగులను పుల్లలతో గుచ్చావని యముడు చెబుతాడు. బాల్యంలో చేసినదానికి ఇంత శిక్షా అని ముని మండిపడి యముణ్ణే శపించి, పద్నాలుగేళ్ళలోపు చేసినది పాపంగా లెక్కకు రాకూడదని కట్టడి చేస్తాడు. ఆ ముని తాను పురుగులను గుచ్చలేదని అబద్ధమాడలేదు, గుచ్చడం మంచిదనీ అనలేదు. చేసిన పనికీ పడిన శిక్షకూ మధ్య కొలత తప్పిందన్నాడు.

మన చట్టం ఆ కొలత కోసం చాలాకాలం తడుముకున్నది. 1860 శిక్షాస్మృతి ఏడేళ్ళలోపు పిల్లవాడి పని నేరం కాదన్నది. ఏడు నుంచి పన్నెండు మధ్య వుంటే వాడికి తెలివి పక్వమైందా లేదా అని చూడమన్నది. 2023లో వచ్చిన న్యాయసంహిత కూడా అదే వుంచింది. 2000 బాలల న్యాయచట్టం పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళందరినీ పిల్లలుగానే చూసింది. 2012 డిసెంబరు ఢిల్లీ ఘోరం తరువాత దేశమంతా రగిలిన ఆగ్రహంలోంచి 2015 చట్టం వచ్చింది. దాని 15వ సెక్షను ప్రకారం, పదహారేళ్ళు నిండినవాడు ఘోరమైన నేరం చేశాడన్న ఆరోపణ వస్తే బాలల న్యాయమండలి మూడు విషయాలు పరిశీలించాలి: ఆ నేరం చేయగల మానసిక, శారీరక శక్తి వాడికుందా, దాని ఫలితాలను అర్థం చేసుకోగలడా, ఏ పరిస్థితుల్లో చేశాడు. పరిశీలించి, పెద్దవాడిగా విచారించడానికి పంపవచ్చు.

ఆ మూడు ప్రశ్నలను కక్షల ఊళ్ళో పెరిగిన పిల్లవాణ్ణి అడగండి. కొడవలి వేటు ఎట్లా పడుతుందో తెలుసా? తెలుసు, కళ్ళారా చూశాడు. చంపితే ఏమవుతుందో తెలుసా? తెలుసు, కేసవుతుంది, వాయిదాలుంటాయి, బెయిలొస్తుంది, ఎదుటివాళ్ళు మళ్ళీ వస్తారు. మేడలో పెరిగిన పదహారేళ్ళవాడికి తెలియనివన్నీ వీడికి పదేళ్ళకే తెలుసు. సుగ్గి పిల్లవాడూ అంతే, చెల్లెలికి అన్నం వండిపెట్టినవాడు, రైలెక్కి ఊళ్ళు తిరిగినవాడు, ఎవర్ని నమ్మకూడదో నేర్చినవాడు. వయసుకు మించి ముదిరిపోయాడంటాం. ఆ ముదురుతనమే వాడి గాయం. మండలి ముందు అదే వాడి పక్వతకు రుజువవుతుంది. సెటిల్‌మెంటులో జరిగినట్టే, గాయం మళ్ళీ సాక్షిబోనులోకి వచ్చి, గాయపడ్డవాడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది. మూడవ ప్రశ్న, పరిస్థితుల గురించినది, మిగతా రెండింటినీ సరిదిద్దగలదు. కాని దాన్ని నేరం జరిగిన ఆ రాత్రి పరిస్థితులుగా చదువుతారా, ఆ పదహారేళ్ళ పరిస్థితులుగా చదువుతారా అన్నదానిపైనే అంతా వుంది.

మండలికి ఆధారంగా సామాజిక దర్యాప్తు నివేదిక అనేది ఒకటి తయారు కావాలి. పదిహేను రోజుల్లోగా ఇవ్వాలని చట్టం. దానికొక నమూనాపత్రం వుంది. అందులో కుటుంబ వివరాలు, అలవాట్లు, మత్తుపదార్థాలు, పిల్లవాడిపై జరిగిన హింస, బడి మానడానికి కారణం అన్న గడులుంటాయి. అన్నీ అడగవలసిన ప్రశ్నలే. మండలాలు దాటి తిరగవలసిన అధికారికి ఒక్క పిల్లవాడి ఇంటికి పోయిరావడమే ఒక రోజు పని. పోతే తలుపుకు తాళం వుంటుంది, ఇల్లుగలవాళ్ళు గుంటూరులో వుంటారు. పక్కింటి ముసలమ్మను అడుగుతాడు. బడి మానడానికి కారణం అన్న గడిలో ‘కుటుంబం వలస’ అని రెండు మాటలు రాసి, తరువాతి గడికి పోతాడు.